సెలవులు వాళ్లవి, పరీక్షలు మా పాపవి

శ్రీకాకుళం నుంచి ఒక పాఠకురాలు పెద్ద ఉత్తరమే రాశారు. పేరు వద్దన్నారు కాబట్టి ఆనవాళ్లు తీసేసి సారాంశం ఇస్తున్నాను.

ఆమెకు 38 ఏళ్లు. వార్డు సచివాలయంలో ఉద్యోగం. భర్తకు ఊళ్లోనే చిన్న ఎలక్ట్రికల్ సామాన్ల షాపు. పాప ఎనిమిదో తరగతి, బాబు ఐదు. అత్తగారు వీళ్లతోనే ఉంటారు. మరిది కుటుంబం టెక్సాస్‌లో ఉంటోంది. అక్కడి బడికి మార్చిలో వారం రోజులు 'స్ప్రింగ్ బ్రేక్' సెలవులు. కిందటేడు ఆ సెలవుల్లోనే వచ్చారు. ఈసారీ వస్తున్నారు, ఇంక మూడు వారాలే ఉంది. పైగా ఈసారి స్నేహితుల కుటుంబాన్ని కూడా తీసుకొస్తున్నారు. వాళ్లది గుంటూరు వైపు, ఉత్తరాంధ్ర ఎప్పుడూ చూడలేదట. వచ్చేవాళ్లు ఎనిమిది మంది, ఇంట్లోవాళ్లు ఐదుగురు, స్నానాల గదులు రెండు.

కిందటేడు ఏం జరిగిందో వివరంగా రాశారు. టెంపో ట్రావెలర్ మాట్లాడుకుని ఒక్క రోజులో అరకు, బొర్రా గుహలు చూసి వచ్చేశారు. ఘాట్ రోడ్డులో పిల్లలందరికీ వాంతులు. తిరిగొచ్చాక బాబుకు జ్వరం, ఒక పరీక్ష పోయింది. బండి అద్దె, హోటల్ బిల్లులు, బట్టలు పెట్టడం, అన్నీ భర్తే చూసుకున్నారు. "తమ్ముడి చేత డబ్బులు తీయిస్తానా?" అన్నారట. వాళ్లు విమానం ఎక్కిన నెలకు ఈమె గొలుసు బ్యాంకులో తాకట్టుకు వెళ్లింది. ఇప్పటికీ అక్కడే ఉంది. ఈ సంగతి మరిదికి తెలియదు.

ఈసారి మరిది ముందుగానే వాట్సాప్‌లో గ్రూపు పెట్టి, ఏ రోజు ఏ పూట ఎక్కడికో పట్టిక వేసి పంపారు. మళ్లీ అరకు ఉంది. వైజాగ్ రెండు రోజులు ఉంది. సరిగ్గా వాళ్లు వెళ్లిన మర్నాడు, సోమవారం నుంచి పాపకు వార్షిక పరీక్షలు. పాప ఆ పట్టిక చూసి, "అందులో అందరి పేర్లూ ఉన్నాయమ్మా, నా పరీక్షలే లేవు" అందట.

"వద్దంటే అత్తగారి దగ్గర చెడ్డదాన్నవుతాను. ఊరుకుంటే పాప చదువు, నా లీవులు, నా ఒళ్లు, అన్నీ పోతాయి. మా తోటికోడలు వచ్చి పడుకోవడమే తప్ప గరిటె ముట్టదు. అందరికీ సెలవులే, నాకు సెలవు ఎప్పుడండీ? ఏం చేయమంటారు?" అని అడిగారు.

అమ్మా,

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రెండోసారి పెన్సిల్ పట్టుకుని చదివాను. 'బాధపడ్డాను', 'ఊరుకున్నాను', 'లోపలే అనుకున్నాను' అని చాలాచోట్ల రాశారు. 'చెప్పాను' అని ఒక్కచోట కూడా లేదు. మీ పాప పరీక్షల తేదీలు మీ మరిదికి ఎవరైనా చెప్పారా? కిందటేడు బాబు పరీక్ష పోయిందని ఆయనకు తెలుసా? నాకైతే అనుమానమే. మార్చిలో మన పిల్లల సంగతి ఎలా ఉంటుందో పదిహేనేళ్లుగా అక్కడ ఉన్న మనిషికి గుర్తుండదు. ఆయన మనసులో ఇల్లంటే ఇంకా తను చదువుకున్నప్పటి ఇల్లే. అమ్మ ఉంటుంది, అన్నయ్య చూసుకుంటాడు, వదిన వండుతుంది.

మీ కష్టంలో మూడు ముడులున్నాయి. ఒకటి రోజులది, ఒకటి డబ్బుది, ఒకటి మీ ఒంటి చాకిరీది. మూడూ కలిసి ఒక్క ముడిలా కనిపిస్తున్నాయి కాబట్టి, విప్పాలంటే చుట్టాలనే వద్దనాలేమో అనిపిస్తోంది మీకు. విడివిడిగా చూద్దాం.

ముందు రోజుల సంగతి. వాళ్ల వైపు నుంచి కూడా ఒకసారి లెక్క వేయండి. వారం సెలవులంటే ముందు వెనక శని, ఆదివారాలు కలిపి తొమ్మిది రోజులు. అందులో ప్రయాణానికే రానూ పోనూ మూడు రోజులు పోతాయి. బడి వాళ్లను అడిగి ఒకటో రెండో కలుపుకున్నా, చేతిలో మిగిలేది వారమే. అంత దూరం నుంచి, అంత ఖర్చు పెట్టుకుని వారానికి వచ్చే మనిషికి ప్రతి గంటా నింపెయ్యాలనే ఉంటుంది. ఆ పట్టిక వెనక ఉన్నది అహంకారం కాదు, ఆత్రం. అయితే ఆ ఆత్రానికి తగ్గట్టు మీ ఇల్లు కూడా పరుగెత్తాలనడం మాత్రం న్యాయం కాదు. సెలవు ఎవరిదో వాళ్ల గడియారం మీద, సెలవు లేని ఇల్లు నడుస్తోంది. మీ పాప కనిపెట్టింది ఇదే.

ఇక తోటికోడలు నిద్ర. ఆమె తరఫున ఒక్క మాట చెప్పనివ్వండి. మార్చి రెండో ఆదివారం అక్కడ గడియారాలు ఒక గంట ముందుకు జరుపుతారు. ఆ తర్వాత టెక్సాస్‌కూ మనకూ పదిన్నర గంటల తేడా. మనకు మధ్యాహ్నం రెండైతే వాళ్ల ఒంటికి తెల్లవారుజాము మూడున్నర. మొదటి మూడు, నాలుగు రోజులు మధ్యాహ్నం పూట కళ్లు మూతలు పడిపోతాయి, రాత్రి రెండింటికి మెలకువ వచ్చేస్తుంది. అది బద్ధకం కాదు. గరిటె ముట్టకపోవడం వేరే విషయం, దానికి తర్వాత వస్తాను.

ఈ తేడా మీకు పనికొస్తుంది, గమనించారా? మార్చి సగం దాటితే మామూలుగా ఒంటిపూట బడులు మొదలవుతాయి. మీ పాప ఒంటి గంటకల్లా ఇంట్లో ఉంటుంది. తిని, రెండింటి నుంచి అయిదింటి దాకా చదువుకోవచ్చు. సరిగ్గా ఆ మూడు గంటలూ ఇల్లంతా నిద్రపోతుంది. అయిదు తర్వాత ఎండ తగ్గుతుంది, వాళ్లు లేస్తారు, పాప పుస్తకం మూస్తుంది. అయిదు నుంచి ఎనిమిది దాకా పిల్లలందరూ కలిసి ఉండవచ్చు. ఎవరినీ ఏమీ అనకుండానే సగం పట్టిక ఇలా కుదురుతుంది. కుదరనిది దూరప్రయాణాలే.

దూరప్రయాణాల విషయంలో మీ ముందు నాలుగు దారులున్నాయి. ఏ దారిలోనైనా కొంత నష్టం ఉంది.

మొదటిది, కిందటేడు లాగే ఊరుకుని అందరూ బండెక్కడం. ఇంట్లో మాట రాదు. కానీ శ్రీకాకుళం నుంచి అరకు పోనూ రానూ 300 కిలోమీటర్ల పైనే. ఎస్.కోట దాటాక ఘాట్ మలుపులు. పరీక్షల ముందు వారం ఎనిమిదో తరగతి పిల్లను అలా తిప్పడం నాకు నచ్చదు. బాబు సంగతి వేరు. ఐదో తరగతి వాడు ఒక రోజు బడి మానినా కొంప మునగదు. క్లాసు టీచర్‌తో ముందే మాట్లాడితే సరిపోతుంది. ఇద్దరికీ ఒకే రూలు పెట్టాలని లేదు.

రెండోది, వాళ్లే వెళ్లడం, మీరు ఇంట్లో ఉండటం. అరకు చూడాల్సిందే అంటే బండి వద్దని చెప్పండి. వైజాగ్‌లో రెండు రోజులు ఎలాగూ ఉన్నాయి. ముందు రాత్రి అక్కడ పడుకుని, పొద్దున్నే కిరండూల్ రైలెక్కితే సొరంగాలు, లోయలు చూస్తూ వెళ్లవచ్చు. అద్దాల బోగీ ఉంది, సీట్లు బేగి అయిపోతాయి, ఇప్పుడే బుక్ చేసుకోమనండి. వాంతుల బెడద కూడా తగ్గుతుంది. దీనివల్ల మీకు రెండు రోజులు ఇల్లు ఖాళీగా దొరుకుతుంది. నష్టం ఏమిటంటే, వాళ్ల ఫోటోల్లో మీ పాప ఉండదు. ఆ సాయంత్రం దాని ముఖం కాస్త వాడుతుంది. "పెద్దమ్మా, అక్క ఎందుకు రాలేదు?" అని ఆ పిల్లలూ అడుగుతారు. దానికి సిద్ధంగా ఉండాలి.

మూడోది, పాపను ఆ వారం మీ పుట్టింటికి పంపడం. చాలామంది ఇదే సలహా ఇస్తారు. చదువు ప్రశాంతంగా సాగుతుంది, నిజమే. కానీ చుట్టాలు వస్తే తన ఇంట్లోంచి తనే బయటికి పోవాలని అది అనుకుంటే, ఆ మాట చాలా ఏళ్లు ఉండిపోతుంది. నాకు ఇష్టం లేదు. అయినా పాపను అడగండి. పదమూడేళ్ల పిల్ల. "నాన్నా, నేను అమ్మమ్మ దగ్గరికే పోతాను" అని తనంతట తాను అంటే, అది దాని నిర్ణయం. అప్పుడు పంపండి.

నాలుగోది, ఈసారి రావద్దనడం. టికెట్లు కొన్నాక ఆ మాట అంటే ఇద్దరన్నదమ్ముల మధ్య పడే గీత మీరు మళ్లీ చెరపలేరు. పైగా మీ అత్తగారు ఏడాదంతా ఈ వారం కోసమే ఎదురుచూస్తారు. ఈ దారి వదిలెయ్యండి. అయితే వచ్చే ఏటి సంగతి మాత్రం ఇప్పుడే ఎత్తండి. టెక్సాస్ బడులు మే చివరికి మూసేస్తారు. మనవి జూన్ 12 దాకా తెరవరు. అంటే ఇక్కడి పిల్లలకూ అక్కడి పిల్లలకూ నిజంగా ఒకేసారి సెలవులు ఉండేది ఆ రెండు వారాలే. కాకపోతే అది రోహిణి కార్తె, రోళ్లు పగిలే ఎండ. వాళ్ల క్రిస్మస్ సెలవులు జనవరి మొదట్లో అయిపోతే, మన సంక్రాంతి సెలవులు ఆ తర్వాత మొదలవుతాయి. పట్టుకున్నట్టే ఉండి చేతికి చిక్కవు. ఎండ భరిస్తారా, పరీక్షలు భరిస్తారా అన్నది వాళ్లూ మీరూ కూర్చుని తేల్చుకోవాల్సిందే.

నన్నడిగితే రెండో దారి మంచిది. దానికి తోడు ఆదివారం ఒక్కటి అందరిదీ అనుకోండి. ఆ ఆదివారానికి మీ జిల్లా దాటక్కర్లేదు. చిత్రమేమిటంటే, ఆ పట్టికలో మీ ఊరి చుట్టుపక్కలవి దాదాపు ఏవీ లేవు. టెక్సాస్ పిల్లలకు గుహలు కొత్త కాదు, బీచ్ కొత్త కాదు. పొందూరులో ఖద్దరు తయారయ్యే తీరు వాళ్లు ఇంకెక్కడ చూస్తారు? వాలుగ చేప దవడ ఎముకతో, ఆ చిన్న చిన్న పళ్లతో పత్తిని దువ్వి శుభ్రం చేస్తారు. చేప పళ్లతో బట్టా అని పిల్లలు నోరు తెరుచుకుని చూస్తారు. ఏకు చేసి, రాట్నం మీద సన్నటి నూలు వడికే ముసలమ్మల దగ్గర ఒక గంట కూర్చోబెట్టండి. వాళ్ల చేత కూడా ఒకసారి తిప్పించమని బతిమాలండి. దారం తెగుతుంది, నవ్వుకుంటారు. మీ ఊరికి గంట లోపు దారి, రైలు కూడా ఉంది. ఆ నూలు పంచె ఒకటి మీ మరిది కొనుక్కుంటే, అది ఆయన డబ్బే.

రాత్రి రెండింటికి లేచి కూర్చునే పిల్లలకు ఇంకొకటి. జనవరి నుంచి మీ తీరంలో ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెడతాయి. ఆ గుడ్లను ఏరి కంచెల్లో పూడ్చి కాపాడతారు. నెలన్నర, రెండు నెలలకు పిల్లలు బయటికొస్తాయి. మార్చిలో తెల్లవారుజామున వాటిని సముద్రంలోకి వదులుతుంటారు. బారువ వైపు గానీ, కళింగపట్నం వైపు గానీ ఏ రోజు వదులుతారో అటవీ శాఖ వాళ్లను ముందే కనుక్కోండి. తాబేళ్లు మన ఆదివారం చూసుకుని పుట్టవు కాబట్టి పిల్లలకు గట్టిగా మాట ఇవ్వకండి. అవి లేకపోయినా శ్రీకూర్మం గుడిలో నక్షత్ర తాబేళ్లు ఎలాగూ ఉంటాయి.

అరసవల్లి మాత్రం ఆదివారం వద్దు, సూర్యుడి వారం కాబట్టి జనం తోసుకుంటారు. స్వామి పాదాల మీద కిరణాలు పడే మార్చి రోజులు వాళ్లు దిగేసరికి దాటిపోతాయి, ఆ రద్దీ ఉండదు. మామూలు రోజు పొద్దున్నే, మీ పిల్లలు బడికి బయల్దేరే వేళకు, మెలకువగా ఉన్న ఆ నలుగురు పిల్లలనూ ఆటోలో నాన్నమ్మతో పంపేయండి. ఆవిడ సంతోషిస్తారు, మీకు వంటింట్లో కాళ్లకు ఎవరూ అడ్డు పడరు.

కళింగపట్నంలో ఒక జాగ్రత్త. వంశధార కలిసే చోట నీళ్లు పైకి నెమ్మదిగా కనిపించి లోపల లాగేస్తాయి. ఈత కొలనులో నేర్చుకున్న పిల్లలకు భయం ఉండదు, అందుకే వాళ్ల విషయంలోనే ఎక్కువ భయం. మోకాలి లోతు దాటనివ్వకండి. ఇది మీరు కాదు, మీ మరిది నోటితోనే చెప్పించండి.

ఇప్పుడు డబ్బు. ఇది మీ ఆయన పరువుకు ముడిపడి ఉంది. తమ్ముడి దగ్గర చెయ్యి చాపినట్టు ఉండకూడదనుకునే అన్నగారిని నేను అర్థం చేసుకోగలను. కానీ ఆ పరువు మీ గొలుసు మీద నిలబడింది. ఈ మాట ఆయనతో ఒంటరిగా ఉన్నప్పుడు, షాపు మూసి వచ్చి అన్నం తిన్నాక చెప్పండి. అత్తగారి ముందు వద్దు. దెప్పినట్టు కాకుండా, లెక్కలా చెప్పండి. కిందటేడు ఇంత అయింది, వడ్డీ ఇంత కట్టాం, ఈసారి మనుషులు నలుగురు ఎక్కువ. ఆ తర్వాత ఒక పద్ధతి ఆయన ముందు పెట్టండి: ఇంట్లో తిండి మనది, చక్రాల ఖర్చు వాళ్లది. బండి, రైలు, బయట హోటళ్లు తమ్ముడే అక్కడి నుంచే బుక్ చేస్తాడు. చోటు చోటునా పర్సు తీసి 'నేనిస్తా, నేనిస్తా' అనే నాటకం ఉండదు. అన్నగారింట్లో అన్నం తిన్నారన్న మర్యాదా మిగులుతుంది. తాకట్టు సంగతి మీ మరిదికి చెప్పాలా వద్దా అనేది మీ ఆయన ఇష్టం. చెబితే తమ్ముడు అక్కడికక్కడే డబ్బు పంపవచ్చు, ఆ డబ్బు ఆయనకు మింగుడు పడకపోవచ్చు. చెప్పకపోయినా పైన అన్న పద్ధతి నడుస్తుంది.

ఈ పద్ధతికీ మీ ఆయన ఒప్పుకోకపోతే? అప్పుడు కనీసం ఖర్చుకు ఒక హద్దు రాసి పెట్టుకోండి, అది దాటితే మీ నగ జోలికి రాకూడదని ముందే తేల్చుకోండి. గొడవ అవుతుంది. వాళ్లు వెళ్లాక నెల రోజులు మాటలు లేకుండా ఉండటం కంటే, ఇప్పుడు ఒక రాత్రి గొడవే నయం.

స్నేహితుల కుటుంబానికి ఊళ్లో హోటల్ గది తీయించండి. ఇందులో మొహమాటం అనవసరం. రెండు స్నానాల గదుల ముందు పదమూడు మంది నిలబడటం వాళ్లకే ఎక్కువ ఇబ్బంది. పగలు మీతో ఉంటారు, పడుకునేది అక్కడ.

చాకిరీ గురించి. మాది విజయనగరం. మా చిన్నప్పుడు వేసవి వస్తే ఇంట్లో ఇరవై విస్తళ్లు లేచేవి. నాకు ఆ సెలవులంత బాగున్న రోజులు మళ్లీ లేవు. ఈ మధ్య గుర్తు చేసుకుంటుంటే ఒకటి తట్టింది. ఆ నెలల్లో మా అమ్మ ముఖం నాకు గుర్తులేదు, వీపే గుర్తుంది. పొయ్యి వైపు తిరిగి ఉండేది కదా! మీ పిల్లలకు అలాంటి జ్ఞాపకం మిగలకూడదని చెప్తున్నాను. ఆ వారానికి ఒక వంటమనిషిని మాట్లాడండి. ఉదయం ఇడ్లీలు బయటి నుంచి తెప్పించండి. రాత్రికి అన్నం, ఒక కూర, చారు, పెరుగు చాలు. రోజూ అయిదు రకాలు వండమని వాళ్లు అడిగారా, మీరే పెడుతున్నారా? ఇది కొంచెం గుచ్చుకోవచ్చు, క్షమించండి. తోటికోడలికి పని చెప్పండి, కానీ 'ఏమైనా సాయం చేస్తావా' అని కాదు. "రాత్రి గిన్నెలు, పిల్లల స్నానాలు నీవి" అని. తెలియని వంటింట్లో ఎక్కడ చెయ్యి పెట్టాలో తెలియక పక్కకు జరిగే ఆడవాళ్లు చాలామంది ఉన్నారు. చెప్పినా చేయకపోతే, అప్పుడు మీ కోపానికి నిజమైన కారణం దొరికినట్టు.

మీ లీవుల మాట. ఏడాదికి పదిహేను సీఎల్‌లు. మార్చి నెలాఖరు పనుల ఒత్తిడి మీకు చెప్పక్కర్లేదు. రెండే పెట్టండి. ఒకటి వాళ్లు దిగిన రోజుకు. రెండోది వాళ్లు వైజాగ్ వెళ్లిన రోజున, పాప బడి నుంచి వచ్చేదాకా ఇంట్లో ఒక్కరే పడుకోవడానికి. ఆ రోజు ఇల్లు సర్దితే ఊరుకోను.

అత్తగారికి అన్నిటికంటే ముందు చెప్పండి. మీరు భయపడుతున్నంత అడ్డు ఆవిడ కాకపోవచ్చు. ఆవిడ ఘాట్ రోడ్డు ఎక్కలేరు, వైజాగ్ బీచ్‌లో నడవలేరు. ఆ పట్టిక ప్రకారమైతే చిన్న కొడుకు ఆవిడ ఎదురుగా కూర్చునేది రెండు పూటలే. "అత్తయ్యా, ఒక రోజంతా ఎక్కడికీ పోకుండా ఇంట్లోనే ఉండమని మీరే చెప్పండి" అని అడిగి చూడండి.

ఫోన్ మీ ఆయనే చేయాలి, గ్రూపులో రాయకూడదు. పదిమంది చూస్తుండగా పెట్టిన మెసేజ్ ఎంత మెత్తగా రాసినా కోర్టు నోటీసులా ఉంటుంది. శనివారం రాత్రి ఎనిమిదిన్నరకు చేయమనండి. గడియారాలు జరిపేదాకా తేడా పదకొండున్నర గంటలు కాబట్టి, అక్కడ శనివారం ఉదయం తొమ్మిది, తీరుబడిగా ఉంటారు. పాప పరీక్షలు ఎప్పుడు, బండి ఎవరు బుక్ చేయాలి, హోటల్ గది, ఈ మూడే చెప్పాలి. కిందటేటి సంగతులు ఎత్తకూడదు. అవతలి వైపు కాసేపు మాట రాకపోవచ్చు. 'మేం రావడం ఇష్టం లేదా అన్నయ్యా?' అని కూడా అనవచ్చు. "రండి, మీరొచ్చేది మా కోసమే కదా" అని ఆయన అంటే చాలు. మీ ఆయన పది రోజులు గడిచినా ఫోన్ చేయకపోతే, మీరు తోటికోడలికి చేయండి. ఆమె ఇద్దరు పిల్లల తల్లి, పరీక్షలంటే మీరు వివరించక్కర్లేదు.

ఆ ఫోన్ అయిపోయిన మర్నాడు, మీ పాప పరీక్షల టైమ్‌టేబుల్ ఫోటో తీసి ఆ గ్రూపులో పెట్టమనండి. మీరు కాదు, పాపే పెట్టాలి.